పక్కవాలు మీద బండి ఎంత ఒరగవచ్చు? ఎక్కకముందే కొలిచి నిర్ణయించుకునే పద్ధతి

"నా బండి పక్కకు ఎన్ని డిగ్రీలు ఒరిగే వరకు ప్రమాదం లేదు?" ఆఫ్‌రోడ్ డ్రైవింగ్, అంటే రోడ్డు లేని చోట బండి నడపడం, మొదలుపెట్టిన వారు పక్కవాలు (బండి అడ్డంగా దాటే వాలు) గురించి నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఇదే. చాలామంది ఒక్క అంకె చెప్పమంటారు. ఆ ఒక్క అంకెను నమ్ముకోవడమే ప్రమాదం. ఎందుకంటే బండి బోల్తా పడేది వాలు మొత్తానికి ఉన్న సగటు కోణం వల్ల కాదు. ఆ వాలు మీద ఎక్కడో ఒకచోట ఎగువ చక్రం రాయి ఎక్కి, అదే క్షణంలో దిగువ చక్రం గాడిలోకి దిగినప్పుడు బోల్తా పడుతుంది. కాబట్టి మీరు తెలుసుకోవలసింది మీ దారిలో అన్నిటికన్నా చెడ్డ చోట బండి ఎంత ఒరుగుతుందో, ఆ ఒరుగుకూ మీ బండి హద్దుకూ మధ్య ఎంత తేడా మిగులుతుందో. ఈ రెండూ బండి ఎక్కకముందే, కాలినడకన, చేతిలో ఒక కర్రతో కొలుచుకోవచ్చు.

మొదలుపెట్టే ముందు రెండు అపోహలు తొలగించుకోవాలి. బండి వివరాల పట్టికలో కనిపించే అప్రోచ్ యాంగిల్, బ్రేకోవర్ యాంగిల్, డిపార్చర్ యాంగిల్ అనేవి ముందు బంపరు, అడుగు భాగం, వెనుక బంపరు నేలకు తగలకుండా ఎంత నిటారు గట్టును ఎక్కి దిగవచ్చో చెప్పే కోణాలు. అక్కడ 35 అని ఉన్నంత మాత్రాన బండి పక్కకు 35 డిగ్రీలు ఒరగవచ్చని అర్థం కాదు. ఇక రెండోది శాతానికీ డిగ్రీకీ మధ్య ఉన్న గందరగోళం. 100 శాతం వాలు అంటే 45 డిగ్రీలు. 30 శాతం అంటే సుమారు 17 డిగ్రీలు. 20 డిగ్రీలు అంటే సుమారు 36 శాతం. మీ ఫోనులోని యాప్ ఏ లెక్కలో చూపిస్తోందో ముందే చూసుకోండి.

కావలసినవి

- సుమారు 150 సెం.మీ. పొడవున్న, వంకర లేని గట్టి కర్ర లేదా అల్యూమినియం పట్టీ. దీని పొడవు మీ బండి ఎడమ, కుడి టైర్ల మధ్య వెడల్పుకు సమానంగా ఉండాలి.
- ఆ కర్ర రెండు చివరల కింద బిగించడానికి ఒకే ఎత్తున్న రెండు చెక్క దిమ్మెలు. 10 సెం.మీ. ఎత్తు సరిపోతుంది.
- కోణం కొలిచే యాప్ ఉన్న ఫోను, లేదా డిగ్రీలు చూపే చిన్న ఇన్‌క్లినోమీటర్. రెండూ లేకపోతే ఒక కోణమానిని, దాని మధ్య బిందువు నుంచి వేలాడే దారం, దారం కొసన ఒక నట్టు ఉన్నా పని జరుగుతుంది.
- కొలత టేపు.
- డాష్‌బోర్డు మీద అమర్చిన ఒరుగు గేజీ ఉంటే మంచిది. అది లేకపోయినా ఈ పద్ధతికి లోటు రాదు.
- దారి చూపడానికి ఇంకొక మనిషి. దీనికి ప్రత్యామ్నాయం లేదు. ఒంటరిగా ఉన్నప్పుడు కర్ర 10 డిగ్రీలకు మించి చూపించే పక్కవాలు మీదికి వెళ్లకండి.

1. గేజీ సున్నాను సరిచూసుకోండి

డాష్‌బోర్డు గేజీని గానీ, స్టాండులో పెట్టిన ఫోనును గానీ కొన్నది కొన్నట్లే నమ్మకూడదు. చదునుగా కనిపించే గట్టి నేల మీద బండి నిలిపి గేజీ అంకె రాసుకోండి. నాలుగు టైర్లు ఉన్న చోట నేల మీద గుర్తులు పెట్టి, బండిని పూర్తిగా వెనక్కి తిప్పి, అవే గుర్తుల మీద మళ్లీ నిలిపి చూడండి. గేజీ సరిగా ఉంటే మొదట ఎడమకు ఎంత చూపిందో, తిప్పిన తరువాత కుడికి అంతే చూపాలి. ఉదాహరణకు మొదట ఎడమకు 2, తరువాత కుడికి 1 చూపితే, నేల అసలు వాలు 1.5 డిగ్రీలు, గేజీ అర డిగ్రీ ఎడమకు తప్పు చెబుతోందని అర్థం. ఫోనును కర్ర మీద పెట్టినప్పుడూ ఇదే పరీక్ష చేయవచ్చు: కర్రను కదపకుండా ఫోనును మాత్రం అటు ఇటు తిప్పి చూస్తే చాలు. ఫోను కవరు వెనుక ఉబ్బెత్తుగా ఉన్నా, కెమెరా పొడుచుకొని వచ్చి ఉన్నా రెండు మూడు డిగ్రీల తేడా సులువుగా వచ్చేస్తుంది, కాబట్టి కవరు తీసి, ఫోను అంచును కర్ర మీద నిలబెట్టి కొలవడం మేలు.

2. మీ బండి హద్దును లెక్కించుకోండి

ఇందులో సిద్ధాంతం కొంచెమే ఉంది. బండి గరిమనాభి (బరువంతా ఒకేచోట ఉన్నట్లు లెక్కించే బిందువు) నుంచి నేరుగా కిందికి గీసిన గీత దిగువ టైర్లను దాటి బయటికి పోయిందంటే బండి పడిపోతుంది. అందువల్ల టైర్ల మధ్య వెడల్పు ఎక్కువగా, గరిమనాభి ఎత్తు తక్కువగా ఉంటే బండి నిలకడగా ఉంటుంది. వెడల్పును గరిమనాభి ఎత్తుకు రెండు రెట్లతో భాగిస్తే వచ్చే అంకెను స్థిరత్వ నిష్పత్తి అంటారు. అమెరికా రహదారి భద్రతా సంస్థ 2001 మోడళ్ల నుంచి బండ్లకు బోల్తా రేటింగు ఇవ్వడానికి దీన్నే ఆధారం చేసుకుంది. మామూలు కార్లకు ఇది ఎక్కువగా 1.3 నుంచి 1.5 వరకు, ఎస్‌యూవీలకు, పికప్‌లకు, వ్యాన్లకు 1.0 నుంచి 1.3 వరకు ఉంటుంది.

ఎడమ టైరు మధ్య గీత నుంచి కుడి టైరు మధ్య గీత వరకు టేపుతో కొలవండి. గరిమనాభి ఎత్తు హ్యాండ్‌బుక్కులో సాధారణంగా దొరకదు. చాలా ఎస్‌యూవీలకు అది నేల నుంచి 65 నుంచి 75 సెం.మీ. మధ్య ఉంటుంది కాబట్టి, తెలియనప్పుడు 75 అనే తీసుకోండి. తప్పు జరిగినా భద్రత వైపే జరుగుతుంది. వెడల్పు 150, ఎత్తు 75 అయితే నిష్పత్తి 1.0 వస్తుంది. దానికి సరిపడే కోణం 45 డిగ్రీలు. ఎత్తు 70 అయితే 47 డిగ్రీలు.

ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు. ఈ 45 డిగ్రీలు మీకు అనుమతి కాదు. స్ప్రింగులు లేని, టైర్లు నొక్కుకుపోని, కదలకుండా నిలబడి ఉన్న చెక్కబొమ్మ బండి పడిపోయే కోణం అది. నిజమైన బండిలో దిగువ వైపు స్ప్రింగులు, టైర్లు నొక్కుకుపోతాయి, ఎగువ వైపువి సాగుతాయి. దాంతో బాడీ నేల కన్నా ఇంకొన్ని డిగ్రీలు ఎక్కువగా ఒరిగి, గరిమనాభి కూడా దిగువకు జరుగుతుంది. దానికి తోడు బండి కదులుతున్నప్పుడు ఊగుతుంది. అందుకే నేను లెక్కలో వచ్చిన కోణాన్ని సగం చేస్తాను. 45 వస్తే 22. మీ దారిలో అతి చెడ్డ చోట కర్ర చూపించే అంకె ఈ సగాన్ని దాటకూడదు. బండి తయారీదారు పక్క ఒరుగుకు ఇంతకన్నా తక్కువ హద్దు చెప్పి ఉంటే ఆ మాటే చెల్లుతుంది. ఎక్కువ చెప్పి ఉన్నా సగం నియమాన్ని వదలకండి.

3. సామానును హద్దులోంచి తగ్గించండి

2000 కిలోల బండికి గరిమనాభి 70 సెం.మీ. ఎత్తులో ఉందనుకుందాం. 190 సెం.మీ. ఎత్తున ఉన్న రూఫ్ క్యారియర్ మీద 150 కిలోలు పెడితే గరిమనాభి సుమారు 78 సెం.మీ.కు చేరుతుంది, లెక్కలోని కోణం 47 నుంచి 44 దాకా పడిపోతుంది. మూడు డిగ్రీలే కదా అనిపించవచ్చు. కానీ పైన ఉన్న బరువు ఊపును కూడా పెంచుతుంది. పక్కవాలు దాటవలసి వస్తే పైనున్న స్టెప్పినీని, డబ్బాలను, గుడారాన్ని దించి, దాటిన తరువాత మళ్లీ కట్టుకోవడం అరగంట పని. ఆ అరగంట వెచ్చించండి. సస్పెన్షన్‌ను 5 సెం.మీ. పైకి లేపించుకున్న బండికి కూడా ఇంచుమించు రెండు డిగ్రీలు తగ్గించుకోవాలి.

లోపలి బరువులను నేలకు దగ్గరగా, వీలైతే ఎగువ వైపున కట్టివేయండి. సగం నిండిన నీళ్ల డబ్బాలు మరీ ప్రమాదం, ఎందుకంటే నీళ్లు ఎప్పుడూ దిగువకే పోతాయి. డబ్బాను పూర్తిగా నింపండి, లేదా పూర్తిగా ఖాళీ చేయండి.

4. దారిని కర్రతో నడిచి కొలవండి

ఈ మొత్తం పద్ధతికి ప్రాణం ఈ మెట్టే, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

కర్ర రెండు చివరల కింద చెక్క దిమ్మెలు బిగించాలి. దిమ్మెలు లేకపోతే మధ్యలో ఉన్న గడ్డి దుబ్బో, మట్టి గడ్డో కర్రకు తగిలి అది అటు ఇటు ఊగుతుంది, అంకె తప్పు వస్తుంది. దిమ్మెలు మీ రెండు టైర్లు అనుకోండి. బండి ఎడమ టైరు ఎక్కడ నడుస్తుందో అక్కడ ఒక దిమ్మె, కుడి టైరు ఎక్కడ నడుస్తుందో అక్కడ రెండోది పెట్టి, కర్ర మధ్యలో ఫోను నిలబెట్టి చదవండి. తరువాత ఒక అడుగు ముందుకు జరిపి మళ్లీ చదవండి. ఎగువ టైరు దారిలో రాయి ఉంటే దిమ్మెను ఆ రాయి మీదే పెట్టాలి, పక్కన కాదు. దిగువ టైరు దారిలో గాడి ఉంటే దిమ్మెను గాడి అడుగున పెట్టాలి. ఇరవై అడుగులు అలా నడిచేసరికి మీకు ఇరవై అంకెలు వస్తాయి. వాటిలో అన్నిటికన్నా పెద్దదే మీకు కావలసిన అంకె. సగటు తీయకండి.

ఫోను లేనప్పుడు కర్రను మట్టసంగా పట్టుకొని, దిగువ చివర నేల నుంచి ఎంత ఎత్తున ఉందో టేపుతో కొలిచి, దిమ్మె ఎత్తును తీసివేయండి. 150 సెం.మీ. వెడల్పుకు ఎత్తు తేడా 26 సెం.మీ. అయితే సుమారు 10 డిగ్రీలు, 40 అయితే 15, 55 అయితే 20, 70 అయితే 25. మట్టసంగా ఉందో లేదో చూడడానికి తాపీమేస్త్రీల రసమట్టం బాగా పనికొస్తుంది.

ఒక ఉదాహరణ చూడండి. నేల సగటు వాలు 14 డిగ్రీలు. కంటికి ఎంతో సాఫీగా కనిపిస్తుంది. మధ్యలో ఎగువ వైపు 20 సెం.మీ. ఎత్తున్న రాయి ఉంది. అది దాదాపు 8 డిగ్రీలు కలుపుతుంది. సరిగ్గా దానికి ఎదురుగా దిగువ వైపు 15 సెం.మీ. లోతు గాడి ఉంటే ఇంకో 5 లేదా 6 డిగ్రీలు కలుస్తాయి. 14 అనుకొని వెళ్లిన మనిషి 27 దగ్గర ఉంటాడు. ముందు చక్రం ఒక్కటే రాయి ఎక్కినప్పుడు సస్పెన్షన్ కొంత సర్దుకుంటుంది కాబట్టి బాడీ అంత మొత్తం ఒరగకపోవచ్చు. అయినా లెక్కలో మాత్రం మొత్తం తీసుకోండి, ఎందుకంటే స్ప్రింగు చివరి దాకా నొక్కుకుపోయాక ఇక సర్దుకోవడానికి ఏమీ మిగలదు.

రాయిని తొలగించగలిగితే తొలగించండి, గాడిని రాళ్లతో గట్టిగా నింపగలిగితే నింపండి. పారతో చేసిన పావుగంట పని ఎనిమిది డిగ్రీలు తగ్గించిన సందర్భాలు నాకు చాలా ఉన్నాయి. ఆ తరువాత మళ్లీ కొలవడం మరచిపోవద్దు.

5. నేల ఎలా ఉందో చూడండి

కర్ర నేలలో దిగదు, రెండు టన్నుల బండి దిగుతుంది. ఒరిగినప్పుడు బరువంతా దిగువ టైర్ల మీదే పడుతుంది కాబట్టి అవే ఎక్కువ లోతుకు కూరుకుపోతాయి. దిగువ టైరు నడిచే దారి పొడవునా మడమతో గట్టిగా తొక్కుకుంటూ నడవండి. మడమ దిగిన చోట కనీసం 10 సెం.మీ. గాడి ఉన్నట్లే భావించి నాలుగు డిగ్రీలు కలపండి.

జారుడు ఇంకొక సమస్య. తడి గడ్డి మీద, తడిసిన బంకమట్టి మీద, వదులు కంకర మీద బండి బోల్తా పడేంత ఒరగకముందే పక్కకు జారడం మొదలుపెట్టవచ్చు. దానికి 15 డిగ్రీల లోపు వాలైనా చాలు. జారడం వల్ల నష్టం లేదని కొందరు అనుకుంటారు. పక్కకు జారుతున్న బండి దిగువ టైరు ఒక రాతికో, వేరుకో తట్టుకొని హఠాత్తుగా ఆగితే, పై భాగం మాత్రం ఆగకుండా దిగువకు తూగుతుంది. నిలకడగా ఉన్న బండి 40 డిగ్రీల దగ్గర కూడా పడకపోవచ్చు, జారి తట్టుకున్న బండి 20 దగ్గరే పడవచ్చు.

నాకు ఈ పాఠం ఒక ఉదయం వాన వెలిసిన తరువాత తెలిసింది. గడ్డి వాలును అడ్డంగా దాటుతున్నాను. గేజీ 16 చూపుతోంది, ముందు చక్రాలు ఏ ఇబ్బందీ లేకుండా సాగిపోయాయి. అవి దాటిన చోటే వెనుక దిగువ చక్రం మెల్లగా జారి, గడ్డి కప్పేసిన పాత నీటి గాడిలో పడింది. వెనుక ఉన్న 20 లీటర్ల నీళ్ల డబ్బా దొర్లి వచ్చి దిగువ తలుపుకు ధన్‌మని తగిలింది. గేజీ వైపు చూసేసరికి 24. స్టీరింగ్ దిగువకు తిప్పి మెల్లగా కిందికి దిగగలిగానంటే, అక్కడ కింద విశాలమైన ఖాళీ ఉండటం వల్లనే. ఆ రోజు నేను ఆ దారిని నడిచి చూడలేదు, డబ్బాను కట్టలేదు. ఈ రెండూ అప్పటి నుంచి ఒక్కసారి కూడా మానలేదు.

6. కింద ఏముందో చూసి నిర్ణయించండి

కోణం ఎంత అన్నదానితో సమానమైన ప్రశ్న, తప్పు జరిగితే బండి ఎక్కడికి పోతుంది అన్నది. దిగువ వైపు కనీసం రెండు బండ్ల పొడవున చెట్లు, బండలు, నీళ్లు లేని ఖాళీ ఉంటేనే దాన్ని తప్పించుకునే దారిగా లెక్కించాలి. ఆ తరువాత కర్ర చూపిన పెద్ద అంకెను బట్టి నేను ఇలా నిర్ణయిస్తాను.

- 10 డిగ్రీల లోపు: మెల్లగా దాటవచ్చు.
- 10 నుంచి 15: నేల గట్టిగా, పొడిగా ఉంటే దాటవచ్చు. కొత్తగా నేర్చుకుంటున్న వారికి ఇదే హద్దు.
- 15 నుంచి 20: అనుభవం ఉండి, పైబరువు దించి, మిగిలినవారిని దింపి, దారి చూపే మనిషిని నిలబెట్టుకొని మాత్రమే.
- 20 నుంచి మీ బండి సగం హద్దు వరకు: వేరే దారి నిజంగా లేనప్పుడు, పొడి నేల మీద, కింద ఖాళీ ఉన్నప్పుడు మాత్రమే.
- అంతకు పైన: తిరిగి వెళ్లండి.

నేల తడిగా ఉంటే పై జాబితాలో ఒక మెట్టు కిందిది, అంటే ఇంకా కఠినమైనది చదువుకోండి. కింద లోయ గానీ నీళ్లు గానీ ఉంటే, అంకె ఎంత బాగున్నా 10 డిగ్రీలు దాటిన చోటికి నేను బండిని తీసుకువెళ్లను. పొడవాటి వ్యాన్లకు, వెనుక ఎత్తుగా గదిలా కట్టించుకున్న బండ్లకు ఈ మెట్లు వర్తించవు. వాటికి 10 డిగ్రీలే హద్దు.

ప్రత్యామ్నాయం గురించి కూడా ఒక్క మాట. పక్కవాలును అడ్డంగా దాటడం కన్నా, నిటారుగా ఎక్కి పైనుంచి నిటారుగా దిగే దారి దొరికితే, కాస్త చుట్టు అయినా అదే సురక్షితం. బండి పొడవు దాని వెడల్పు కన్నా చాలా ఎక్కువ కాబట్టి ముందు వెనుకలకు ఒరగడాన్ని అది బాగా తట్టుకుంటుంది. అయితే నిటారు వాలు మధ్యలో ఎప్పుడూ తిప్పకండి. తిప్పిన మరుక్షణం ఆ నిటారు వాలే పక్కవాలు అవుతుంది. ఎక్కలేక ఆగిపోతే రివర్స్ గేరులో, వచ్చిన దారినే, తిన్నగా వెనక్కి దిగాలి. న్యూట్రల్‌లో దిగకూడదు.

7. బండిని, మనుషులను సిద్ధం చేయండి

డ్రైవరు తప్ప అందరూ దిగిపోవాలి. డ్రైవరు సీటు బెల్టు బిగించుకొని, అద్దాలన్నీ పైకి ఎత్తుకోవాలి. బండి పడుతున్నప్పుడు మనిషికి తెలియకుండానే చెయ్యి బయటికి పోతుంది, ప్రాణాంతకమైన గాయాలు అక్కడే అవుతాయి. బరువు కోసం ఎవరైనా ఎగువ వైపు మెట్టు మీద వేలాడటం కొన్నిచోట్ల చూశాను. దయచేసి ఎవరినీ అలా వేలాడనివ్వకండి. చక్రం ఒక్కసారి ఎగిరినా వారు చక్రాల కిందికే వస్తారు.

దారి చూపే మనిషి ముందు వైపున, ఎగువన, డ్రైవరుకు కనిపించే చోట నిలబడాలి. దిగువ వైపు ఎవరూ ఉండకూడదు. ఫొటో తీసే వారికి కూడా ఇదే నియమం. చేతి సైగలు రెండే పెట్టుకోండి: ఒకటి ఆగు, ఇంకొకటి దిగువకు తిప్పు.

ఇసుక కోసమో బురద కోసమో టైర్లలో గాలి బాగా తగ్గించి ఉంటే పక్కవాలు ముందు మళ్లీ కొంత నింపండి. గాలి తక్కువైన దిగువ టైరు పక్కకు ఉబ్బి ఒరుగును పెంచుతుంది, ఒక్కోసారి రిమ్ము నుంచి ఊడి వస్తుంది.

8. దాటండి

లో రేంజి (వేగం తగ్గించి చక్రాలకు బలం పెంచే గేరు అమరిక) ఉంటే అందులో మొదటి లేదా రెండో గేరు వేసి, మనిషి నడిచే వేగంతో వెళ్లండి. వేగం ఎందుకు తగ్గించాలో అంకెల్లో చూస్తే తెలుస్తుంది. 6 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపులో గంటకు 5 కి.మీ. వేగం రెండు డిగ్రీల ఒరుగుతో సమానం. 10 కి.మీ. వేగం ఏడు డిగ్రీలకు పైనే. 20 కి.మీ. అయితే దాదాపు 28 డిగ్రీలు. వేగం రెట్టింపైతే మలుపు తోపు నాలుగు రెట్లు అవుతుంది.

మలుపు ఏ వైపు అన్నది కూడా ముఖ్యమే. వాలు మీద ఎగువకు తిప్పితే ఆ తోపు బండిని దిగువకు నెడుతుంది. దిగువకు తిప్పితే ఎగువకు నెడుతుంది. అందుకే స్టీరింగును కుదురుగా పట్టుకొని, కొలిచిన గీత మీదే నడపండి. రాయి కనిపించిందని చటుక్కున ఎగువకు తప్పించకండి. బ్రేకు అవసరమైతే మెత్తగా వేయండి, గట్టిగా తొక్కితే చక్రాలు బిగుసుకుపోయి జారడం మొదలవుతుంది.

గేజీ అంకె మీరు కర్రతో కొలిచిన దానికన్నా కొంచెం ఎక్కువగానే చూపుతుంది, ఎందుకంటే గేజీ బాడీ ఒరుగును చూస్తుంది, కర్ర నేల ఒరుగును చూస్తుంది. ఆ తేడా మీ బండికి ఎంతో ముందే తెలుసుకోవచ్చు: 10 డిగ్రీల భద్రమైన వాలు మీద బండి నిలిపి రెండూ చదవండి. రెండు నుంచి ఐదు డిగ్రీల తేడా వస్తే మామూలే. అంతకు మించి వస్తే స్ప్రింగులు అలసిపోయి ఉండవచ్చు, లేదా పైన బరువు ఎక్కువై ఉండవచ్చు. దాటుతున్నప్పుడు గేజీ ఈ తేడాను కూడా మించి పెరుగుతుంటే మీరు కొలిచిన గీత తప్పారని, లేదా నేల దిగిపోతోందని అర్థం. ఆగి చూడండి.

9. ఒరుగు పెరుగుతున్నట్లు అనిపిస్తే

స్టీరింగును వెంటనే దిగువకు తిప్పి, యాక్సిలరేటరును కొద్దిగా నొక్కి, బండి ముక్కును వాలుకు తిన్నగా కిందికి తీసుకువెళ్లండి. మనసు ఎగువకు తిప్పమంటుంది, అది తప్పు. 6వ మెట్టులో కింద ఖాళీ చూసుకోమన్నది ఈ ఒక్క క్షణం కోసమే.

బండి ఒరిగి ఆగిపోయి, ఎగువ చక్రం గాలిలోకి లేచి ఉంటే కదలకండి. బయట ఉన్నవారు ఎగువ వైపు నుంచి బలమైన పట్టీని బండి ఛాసిస్‌కు కట్టి, పైన ఉన్న గట్టి చెట్టుకో, బరువైన ఇంకొక బండికో బిగించిన తరువాతే ఏదైనా చేయాలి. బంపరుకు గానీ, రూఫ్ క్యారియరుకు గానీ కట్టకూడదు. తప్పనిసరిగా దిగవలసి వస్తే ఎగువ తలుపు నుంచే దిగండి. పల్టీ కొట్టడం మొదలైతే స్టీరింగును వదలకుండా, చేతులు కాళ్లు లోపలే ఉంచి, బెల్టుతోనే ఉండండి. ఆగగానే ఇంజను ఆపండి.

తరచుగా జరిగే తప్పులు

అందరూ ఎక్కువగా చేసే తప్పు, కడుపులో కలిగే భయాన్ని కొలమానంగా తీసుకోవడం. కొత్తవారికి 15 డిగ్రీలే 30లా అనిపిస్తుంది, దానివల్ల నష్టం లేదు. పది సార్లు దాటాక అదే 25 కూడా 15లా అనిపించడం మొదలవుతుంది, అక్కడే ముప్పు. అందుకే అనుభవం పెరిగే కొద్దీ కర్రను మూలన పడేయకూడదు, మరింత శ్రద్ధగా వాడాలి.

ఇంకొక తప్పు ముందు బండి దాటింది కదా అని వెనుకే వెళ్లడం. దాని వెడల్పు, ఎత్తు, బరువు వేరు. పైగా అది దిగువ గాడిని ఇంకొంచెం లోతు చేసి వెళ్లింది. ప్రతి రెండు మూడు బండ్లకు ఒకసారి గాడిని మళ్లీ కొలవండి. అలాగే వెళ్లేటప్పుడు ఎడమకు ఒరిగిన బండి, వచ్చేటప్పుడు కుడికి ఒరుగుతుంది; డ్రైవరు బరువు, ఇంధన ట్యాంకు, కట్టిన సామాను ఇప్పుడు అవతలి వైపుకు మారతాయి. ఉదయం పొడిగా ఉన్న వాలు సాయంత్రానికి తడిసి ఉండవచ్చు. తిరుగు ప్రయాణానికి వేరే కొలత కావాలి.

ఎక్కువసేపు ఒరిగిన స్థితిలో ఇంజను నడుస్తుండగా ఆగి ఉండటం కూడా మంచిది కాదు. ఇంజను అడుగున ఉన్న సంపులోని (ఆయిలు తొట్టిలోని) ఆయిలు ఒక వైపుకు చేరి పంపుకు అందకపోవచ్చు. ఆయిలు దీపం వెలిగితే ఇంజను వెంటనే ఆపండి.

10. దాటిన తరువాత సరిచూసుకోండి

చదును నేలకు చేరగానే దిగి, మీ టైరు గుర్తుల దాకా వెనక్కి నడవండి. కర్రతో కొలిచిన గీత మీదే నడిచారా, ఎంత దూరం తప్పారు, దిగువ టైరు ఎంత లోతు దిగింది, ఎక్కడైనా పక్కకు ఈడ్చుకుపోయిన గుర్తు ఉందా అన్నది చూడండి. ఈడ్పు గుర్తు ఒక జానెడు ఉన్నా, అంత తడి నేల మీద ఇకపై ఇంకొక మెట్టు కఠినంగా నిర్ణయించండి. దిగువ టైర్ల పక్క గోడలకు కోతలు పడ్డాయేమో, రిమ్ము అంచున మట్టి గానీ గడ్డి గానీ ఇరుక్కుందేమో చూడండి. ఇరుక్కుని ఉంటే ఆ టైరు రిమ్ము నుంచి కాస్త కదిలిందన్నమాట, గాలి మళ్లీ చూసుకోవాలి.

చివరగా కర్ర చూపిన పెద్ద అంకె, గేజీ చూపిన పెద్ద అంకె, నేల తడి, సామాను బరువు, ఈ నాలుగూ ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి. గేజీ అంకె మీకు గుర్తుండకపోతే దారి చూపే మనిషిని అడగకండి, అతను బయటి నుంచి చూసినది వేరు. ఫోనును వీడియో తీసేలా గేజీ ఎదుట పెట్టి ఇంటికి వచ్చాక చూసి రాసుకోండి.